రంగు చల్లు సాధనముల ఉపసంఘం

మా అపార్ట్‌మెంట్లో ఏదైనా కావాలంటే నోటితో అడగాలి తప్ప కాగితం మీద అడగకూడదని ఇందుమతి చెబుతూ ఉండేది. "కాగితం చూస్తే వాళ్లకి పూర్వజన్మ గుర్తొస్తుందండీ" అనేది. ఆవిడ పోయాక చాలా మాటలు గుర్తుపెట్టుకున్నాను గానీ, అవసరమైన ఈ ఒక్కటీ మరిచిపోయాను.

కాకినాడలో సముద్రపు గాలి నేరుగా తగిలే వైపున ఉంది మా కార్యదక్ష రెసిడెన్సీ. రెండు బ్లాకులు. ఫ్లాట్లు కొన్నవాళ్లలో అధికభాగం రకరకాల ప్రభుత్వ శాఖల్లో పనిచేసి రిటైరైనవాళ్లు. ఉద్యోగాలు వాళ్లను వదిలాయి గానీ వాళ్లు ఉద్యోగాలను వదల్లేదు. నీళ్ల మోటారు పాడైతే మొదట దాని మీద ఒక నోటు పుడుతుంది, తర్వాత మెకానిక్ వస్తాడు. నేను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఫైలు నడపడం రాదు గనుక అసోసియేషన్ ఎన్నికల్లో నన్నెవరూ ఏ పదవికీ నిలబెట్టలేదు. దీన్ని నాకు దక్కిన చిన్న చిన్న అదృష్టాల్లో ఒకటిగా లెక్కవేసుకుంటూ వచ్చాను.

విషయం ఒక పేము కుర్చీ. బాల్కనీలో ఇందుమతి కూర్చునేది. ఉప్పుగాలికి దాని పాత వార్నిషు పొలుసులుగా లేచిపోయింది. దానికి చింతచిగురు రంగు వేయాలని ఆవిడ కోరిక. చింతచిగురంటే ఆకుపచ్చ అని నేను, లేతగా ఉన్నప్పుడు ఎరుపు తిరుగుతుందని ఆవిడ వాదించుకున్నాం. ఒకరోజు ఎక్కడినుంచో చిన్న డబ్బాలో రంగు కలిపించి తెచ్చి, కుర్చీ కుడిచేతి కింద ఎవరికీ కనపడని చోట వేలితో రాసి, "ఇదీ చింతచిగురు. ఇప్పుడు మాట్లాడండి" అంది. నేను మాట్లాడలేదు. ఎందుకంటే అది నిజంగానే చింతచిగురు. ఆ తర్వాత ఆవిడకి ఒంట్లో బాగుండలేదు. డబ్బాలో రంగు ఎండిపోయింది. కుర్చీ కింద వేలిముద్ర మిగిలింది.

ఈ ఏడు వానలు పట్టేలోగా రంగు పడకపోతే పేము బూజుపట్టి విరిగిపోతుందని తెలుస్తూనే ఉంది. ఒక కాలికి కుంచెతో వేసి చూశాను. అల్లిక సందుల్లో రంగు నిండిపోయి, కిందకి కారి, గట్టిపడి, కుర్చీకి బోదకాలు వచ్చినట్టయింది. గీకేశాను. అల్లికకి రంగు పొగమంచులా పడాలి. అంటే స్ప్రే కావాలి.

మెయిన్ రోడ్డులో పెయింట్ల షాపుకి వెళ్తే, షాపాయన నా ముందు ఒక సంసారమే పరిచాడు. నొక్కితే చిమ్మే డబ్బాలు, బొమ్మలకి వేసే పెన్నులాంటి గన్ను, ప్లగ్గులో పెడితే పనిచేసే చేతి గన్ను, పక్కన కంప్రెసర్ ఉండాల్సిన పెద్ద గన్ను.

"మీకెంత పనుందండీ మాస్టారూ?"

"ఒక కుర్చీ. బాగా కుదిరితే రెండు పూలకుండీలు."

"అయితే ఈ ప్లగ్గు గన్ను చాలండి. రంగు పలచగా కలుపుకోవాలి. ఆపకుండా చెయ్యి ఆడిస్తా ఉండాలి. ఒకేచోట నిలబెట్టేసేరనుకోండి, కారిపోద్ది."

గన్ను నచ్చింది. అరచేతిలో పట్టుకుంటే ఇస్త్రీపెట్టె కంటే తేలిగ్గా ఉంది. ఒక్కరోజు ఆగి కొందామనుకున్నాను, ఎందుకంటే బాల్కనీలో వేస్తే పక్కవాళ్ల బట్టల మీద పడుతుంది, డాబా మీద ఒక మూల వాడుకోవాలి. దానికి సెక్రటరీ గారిని ఓ మాట అడగడం మర్యాద. వెళ్లేసరికి ఆయన లేరు. తలుపు సందులోంచి ఒక చీటీ లోపలికి తోసి వచ్చాను: "కుర్చీకి రంగు స్ప్రే చేసుకోవడానికి ఒక పూట డాబా మూల వాడుకోవచ్చా?"

మర్నాడు నా చీటీకి నంబరు పడింది.

సెక్రటరీ కామేశం గారు కలెక్టరాఫీసులో పరిపాలనాధికారిగా చేసి దిగినవారు. పరమ సౌమ్యుడు. ఎవరైనా పోతే మొదట వచ్చేదీ చివర వెళ్లేదీ ఆయనే. ఇందుమతి పోయినప్పుడు మూడు పూటలా మా ఇంటికి క్యారేజీ పంపించారు. అటువంటి మనిషి చేతికి పెన్ను ఇస్తే మరో మనిషి అవుతారు.

"మాస్టారూ, మీ దరఖాస్తు చాలా మౌలికమైన ప్రశ్నలు లేవనెత్తిందండి" అన్నారు. "నివాసులు అభిరుచి పనులకు ఎటువంటి చల్లు సాధనాలు వాడవచ్చు అన్నదానిపై మనకి విధానమే లేదు. ఇన్నేళ్లూ విధానం లేకుండా ఎలా బతికామో నాకు అర్థం కావడం లేదు."

"బానే బతికాం కదండీ" అన్నాను.

"అదృష్టం కొద్దీ" అన్నారాయన.

ఆ వారంలోనే ఉపసంఘం ఏర్పడింది. పేరు: గృహసంబంధ అభిరుచి పనులకు రంగు చల్లు సాధనముల ఎంపిక ఉపసంఘం. అధ్యక్షులు సత్తిరాజు గారు, రోడ్లు వంతెనల శాఖలో పెద్ద ఇంజనీరుగా చేశారు. సభ్యులు బెన్హర్ గారు, మలేరియా నివారణలో జిల్లా అధికారి, మా పక్క ఫ్లాటే. ఆడిట్ శాఖలో చేసిన దమయంతి గారు ప్రత్యేక ఆహ్వానితురాలు. ఆవిడని ఎవరూ ఆహ్వానించలేదు, కానీ ఆవిడ లేకుండా ఏదైనా కొంటే తర్వాత మరింత కష్టమని అందరికీ తెలుసు.

మొదటి సమావేశం కిందనున్న అసోసియేషన్ గదిలో జరిగింది.

"ముందుగా చల్లుట అంటే ఏమిటో నిర్వచించుకోవాలి" అన్నారు కామేశం గారు. "నిర్వచనం లేకుండా ఎంపిక చేస్తే కోర్టులో నిలవదు."

"కోర్టుకి ఎవరు వెళ్తారండీ?" అన్నాను.

"ఎవరూ వెళ్లరు. వెళ్తే నిలవాలి."

కాఫీ చల్లారేలోగా నిర్వచనం తయారైంది: ద్రవపదార్థమును బిందురూపమున గాలిలోనికి విడుదల చేయు ఏ సాధనమైనను. తగిన సాధనం ఎంపికయ్యేవరకు అట్టి సాధనముల వాడకం ఆవరణలో తాత్కాలికంగా నిలిపివేయబడినది. సాధనము ఎంపికైన పిమ్మట ఆ సాధనము తప్ప వేరొక సాధనముతో చల్లరాదు.

తర్వాత కుర్చీ ప్రస్తావన వచ్చింది.

"రంగు వేయాల్సిన వస్తువు పని నమూనాగా మా స్వాధీనంలో ఉండాలి" అన్నారు కామేశం గారు. "మీ దగ్గరే ఉంటే మధ్యలో మీరు రంగు వేసేసుకోవచ్చు."

"వేసేసుకుంటే మీకు పని తప్పుతుంది కదండీ."

"అదే కదా మాస్టారూ మా భయం" అన్నారు, ఎంతో నిజాయితీగా.

నేను ఒప్పుకున్నాను. పదిరోజుల్లో తేలిపోతుందనుకున్నాను. కుర్చీకి ఎర్రదారం కట్టి, అట్టముక్క తగిలించి, లక్క సీలు వేసి అసోసియేషన్ గదిలో పెట్టారు. ఆ రోజు సాయంత్రం బాల్కనీలో కాఫీ గ్లాసు పట్టుకుని, అలవాటు ప్రకారం కుర్చీ వైపు తిరిగి, "ఈ పాలు బాగోలేవు" అన్నాను. అక్కడ గోడ ఉంది.

తాత్కాలిక నిషేధం శాశ్వత ప్రయత్నంతో అమలైంది. ఇస్త్రీ చేసే ఆవిడ నీళ్ల సీసా నొక్కకుండా, చేత్తో చిలకరించడం మొదలుపెట్టింది. అత్తరు సీసాలు ఆఫీసుకి వెళ్లే పిల్లలు గేటు దాటాక రోడ్డు మీద వాడుకున్నారు. బి బ్లాకులో ఒక పెళ్లివారు గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డి పట్టుకుని నిలబడితే కామేశం గారు స్వయంగా వెళ్లి నిబంధన వినిపించారు. వచ్చినవాళ్లందరికీ ఉద్ధరిణితో పన్నీరు చేతిలో పోశారు. సగం మంది తీర్థమనుకుని తాగేశారు. ఆయాసం మందు పీల్చుకునే బి-నాలుగు పెద్దాయన గురించి చర్చ జరిగి, ప్రాణాపాయ సందర్భంలో ముందుగా పీల్చి తదుపరి తెలియజేయవచ్చునని సడలింపు ఇచ్చారు. మెట్ల దగ్గర నిప్పులార్పే ఎర్ర సిలిండర్లు కూడా నిర్వచనంలోకి వచ్చాయని ఎవరో గుర్తుచేస్తే వాటిని గదిలో పెట్టి తాళం వేశారు. నిప్పంటుకుంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసేలా నోటీసు పెట్టారు. అది బెన్హర్ గారి చొరవ. మంచి మనసు.

రెండో సమావేశంలో సాధనం ఎలా ఉండాలో చర్చ. నేను షాపాయన చూపించిన చేతి గన్ను గురించి చెప్పాను. బొమ్మ కూడా గీసి చూపించాను.

సత్తిరాజు గారు బొమ్మను దూరంగా పట్టుకుని చూశారు. ఆయన కూర్చున్నది మా కుర్చీలో. ప్లాస్టిక్ కుర్చీలు ఆయనకి చాలవు. ఎర్రదారం పక్కకి జరిపి, పేము గుచ్చుకోకుండా పేపరు పరుచుకుని కూర్చున్నారు. కుర్చీకి సిరా అంటుతుందేమోనని నేను బెంగపడితే, ఆయన నన్ను చూసి పేపరు తీసేసి తువ్వాలు వేసుకున్నారు. ఇటువంటివి నేను మరిచిపోను.

"ఇది ఒక కుర్చీకి పనికొస్తుంది" అన్నారు.

"ఉన్నది ఒక కుర్చీయే కదండీ."

"మాస్టారూ, మీరు ఈవాళ్టి కుర్చీ చూస్తున్నారు. మేము రాబోయే పాతికేళ్ల కుర్చీలు చూడాలి. రేపు ఇంకొకాయన మంచం అంటారు. ఆ తర్వాత గేటు. ఆ తర్వాత కాంపౌండు వాలు. కాంపౌండు వాలుకి చాలని మిషను కొన్నామంటే నా సర్వీసుకే అవమానం." ఆయన ఒక అంకె చెప్పి రాసుకోమన్నారు. రంగు ఎంత దూరం కొట్టాలో చెప్పే అంకె. వంతెన కమ్మీల కింది వైపుకి అందేంత.

"మన దగ్గర వంతెన లేదండీ" అన్నాను.

"ఉన్నప్పుడు చూసుకోవచ్చు" అన్నారు.

బెన్హర్ గారు ముందుకి వంగారు. "ఎలాగూ పొగమంచులా కొడుతుంది కదా, అందులోనే దోమల మందు కూడా పొయ్యగలిగితే రెండు పనులవుతాయండి. ట్యాంకు కొంచెం పెద్దదుంటే చాలు."

"ఎంత పెద్దది?"

"వార్డు మొత్తానికి."

"తేలిగ్గా కదిలేలా ఉండాలి" అన్నాను, చివరి ప్రయత్నంగా. "అభిరుచి పనులకి కదా."

"తప్పకుండా" అన్నారు సత్తిరాజు గారు. "చక్రాలుండాలి. రాసుకోండి కామేశం గారూ, నాలుగు చక్రాలు."

దమయంతి గారు అప్పటిదాకా మాట్లాడలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ అన్నారు: "ఒక్క కంపెనీకే సరిపోయేలా వివరాలు రాస్తే అభ్యంతరం రాస్తాను. కనీసం ముగ్గురు పోటీ పడాలి."

ముగ్గురు పోటీ పడ్డారు. ఇద్దరు, అడిగింది అపార్ట్‌మెంటువాళ్లా విమానాశ్రయమా అని ఫోన్ చేసి తప్పుకున్నారు. మూడోవాళ్లు జాతీయ రహదారుల మీద గీతలు వేసే యంత్రాలు తయారు చేసేవాళ్లు. వాళ్లకి ప్రశ్నలేవీ లేవు. పోటీలో మిగిలిన ఏకైక విజేతగా వాళ్లను నిబంధనల ప్రకారం ఎంపిక చేశారు.

ఈలోగా ఎండలు ముదిరి, మామిడికాయలు వచ్చి, ఊరగాయలు పెట్టేశారు. నేను వారానికోసారి అసోసియేషన్ గదికి వెళ్లి కుర్చీని చూసి వచ్చేవాణ్ణి. సందర్శకులు నమూనాను తాకరాదని బోర్డు ఉంది. కామేశం గారు నా కోసమే, చూడనట్టు అటు తిరిగి నిలబడేవారు. నేను కుడిచేతి కింద వేలు పెట్టి చూసేవాణ్ణి. రంగు ఉంది.

యంత్రం జ్యేష్ఠమాసంలో దిగింది. గేటులో పట్టలేదు. గేటు తీసేశారు. గేటు తీసినా స్తంభం అడ్డొచ్చింది. స్తంభం తీసేశారు. లోపలికి వచ్చాక నిలబెట్టడానికి నా స్కూటరు ఉండే చోటు తప్ప వేరే చోటు లేకపోయింది. మీ అభిరుచి కోసమే కదండీ మాస్టారూ అన్నారు అందరూ. నా స్కూటరు ఇప్పుడు మెట్ల కింద ఉంటోంది. ఎండ తగలదు. అది మంచిదే.

ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ కొట్టారు, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. సత్తిరాజు గారు రిబ్బను కత్తిరించి, "గృహ అభిరుచుల చరిత్రలో ఇదొక మైలురాయి" అన్నారు. మీట నొక్కితే యంత్రం కదల్లేదు. దానికి ఫ్యాక్టరీలకిచ్చే కరెంటు కావాలట. ఆ విషయం వివరాల్లో ఎవరూ రాయలేదు, ఎందుకంటే కరెంటు శాఖలో చేసిన రామలింగం గారు వేరే అసోసియేషన్లో ఉంటున్నారు. లైను కోసం దరఖాస్తు పెట్టాలని తీర్మానించి, యంత్రము ప్రారంభించబడినదని రాసి, లడ్డూలు పంచారు.

లడ్డూ తింటూ దమయంతి గారు నా పక్కన నిలబడి నెమ్మదిగా అన్నారు: "సర్వసభ్య సమావేశం నెలాఖర్లో ఉంది. వాడని యంత్రం కొన్నారని నేను రాయక తప్పదు మాస్టారూ. ఏమీ అనుకోకండి."

"నేనెందుకు అనుకుంటానండీ" అన్నాను.

రెండు రోజుల తర్వాత కామేశం గారు మా ఇంటికి వచ్చారు. ఈసారి పెన్ను లేకుండా వచ్చారు, అంటే విషయం గట్టిదే. వాళ్లావిడ చేసిన పూతరేకులు తెచ్చారు.

"మాస్టారూ, ఒక చిన్న కాగితం కావాలండి. ఆ యంత్రంతో మీ కుర్చీకి రంగు వేయడం జరిగిందనీ, పని సంతృప్తికరంగా ఉందనీ."

"వేయలేదు కదండీ."

"వేయలేదనుకోండి. కానీ వాడకం ధ్రువపత్రం లేకపోతే ఆ మేడం ఊరుకోరు. అప్పుడు ఫైలు మళ్లీ తెరవాలి. ఫైలు తెరిచారంటే నమూనా ఫైలుతోపాటే ఉండాలి. ఎన్నాళ్లో చెప్పలేను." కాస్త ఆగారు. "నా మూలంగా మీకు ఇబ్బంది అయిందని నాకు తెలీదనుకోకండి. మీ కుర్చీ మీద దుమ్ము నేనే దులుపుతున్నాను, రోజూ."

"కాగితం రాస్తే కుర్చీ ఇచ్చేస్తారా?"

"రంగు పడినట్టు మీరే రాస్తే ఇంక దాన్ని ఆపడానికి మాకు కారణం ఏముందండీ?"

బయట ఆకాశం నల్లబడుతోంది. తొలకరి ఇవాళో రేపో అన్నట్టుంది. చేయని ప్రయోగాలకు ఫలితాలు రాసిన రికార్డులు నా సర్వీసులో చాలా చూశాను. చేసిన ప్రయోగాల కంటే అవే కచ్చితంగా ఉండేవి. నేనూ ఆ సంప్రదాయాన్ని గౌరవించి రాసిచ్చాను: రంగు సమంగా, పలచగా, కారకుండా పడినది.

ఆయన చదువుకుని కళ్లు తుడుచుకున్నారు. "ఎంత చక్కగా రాశారండీ. చదువుతుంటే కుర్చీ కనపడుతోంది."

సాయంత్రానికి కుర్చీ ఇల్లు చేరింది. లక్క సీలు గుర్తుగా ఒక మచ్చ మిగిలింది. సత్తిరాజు గారి బరువుకి సీటు కాస్త దిగింది. మిగతాదంతా ఎలా వెళ్లిందో అలాగే వచ్చింది. దానితోపాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది: ఈసరికే సాధనముచే రంగు వేయబడిన వస్తువులకు ఐదేళ్లవరకు తిరిగి రంగు వేయరాదు. బయటికి తీసుకెళ్లి వేయించుకుందామంటే గేటుపాసు కావాలి. గేటు లేకపోయినా గేటుపాసు ఉంది. దాని మీద కారణం రాయాలి. రంగు వేయించుటకు అని రాస్తే, వేసిన రంగు ఏమైందని అడుగుతారు.

రంగు పడిందని కాగితం ఉంది గనుక రంగు వేయడానికి వీల్లేని కుర్చీని ముందు పెట్టుకుని ఆ రాత్రి భోంచేశాను. తింటుంటే మజ్జిగ గ్లాసు పక్కన కొబ్బరిబొండాంవాడు ఇచ్చిన గొట్టం కనపడింది. పాఠం గుర్తొచ్చింది. ఒక గొట్టాన్ని ద్రవంలో నిలబెట్టి, రెండో గొట్టంతో దాని మూతి మీదుగా అడ్డంగా ఊదితే, అక్కడ గాలి ఒత్తిడి తగ్గి ద్రవం పైకెక్కి తుంపరగా చిట్లుతుంది. ఏటా చెప్పేవాణ్ణి, ఏటా వెనక బెంచీ నిద్రపోయేది. ఆ గన్నులన్నీ, ఆ నాలుగు చక్రాల యంత్రంతో సహా, చేసేది ఈ పనే. వాటికి ఊదడానికి మోటారు కావాలి. నాకు ఊపిరి ఉంది. బొండాం గొట్టాలు సాధనాలే అయితే, కాకినాడలో బొండాలు తాగినవాళ్లంతా ఉపసంఘం ముందు నిలబడాల్సిందే.

మర్నాడు కుర్చీ కుడిచేతి కింది రంగుని పక్కన తెల్లకాగితం పెట్టి ఎంతోసేపు చూశాను. షాపాయన దగ్గర నీళ్లలో కలిసే రంగులు కొని, ఇంట్లోనే ఆకుపచ్చలో ఎరుపు చుక్క చుక్కగా వేసి కలిపాను. ఎరుపు తిరుగుతుందని ఆవిడ ఎందుకందో అప్పుడు తెలిసింది. ఎరుపు పడేదాకా అది ఉత్త ఆకే, చిగురు కాలేదు.

బాల్కనీలో పాత దుప్పటి కట్టి ఊదడం మొదలుపెట్టాను. అరచేయంత మేర పడేసరికి కళ్లు తిరిగేవి. కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ ఊదేవాణ్ణి. చెయ్యి ఆడిస్తూ ఉండాలన్న షాపాయన మాట ప్రకారం తల ఆడిస్తూ ఊదాను. ఇన్నాళ్లూ ఇంట్లో ఊపిరి ఊరికే లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండేది. ఇప్పుడు దానికో పని దొరికింది.

ఒకరోజు పక్క బాల్కనీలోంచి బెన్హర్ గారి గొంతు వినపడింది.

"మాస్టారూ, ప్రాణాయామమాండీ?"

"ఆ, కొద్దిగా."

"మంచిదే. కాకపోతే మీ ప్రాణాయామం మా తులసికోట మీద... తులసికోట ఏమిటి నా మొహం, మా క్రోటన్ కుండీ మీద పచ్చగా పడుతోందండి."

నేను గొట్టాలు వెనక్కి దాచుకున్నాను. ఆయన లోపలికి వెళ్లారు. తర్వాత గోడ మీదుగా ఒక మాస్కు అందించారు. "పీల్చేటప్పుడు ఇది పెట్టుకోండి. ఊదేటప్పుడు తీసేయండి. మీ కుర్చీ అయ్యాక, మా కుండీకి కూడా ఆ రంగే వేసేద్దురు గానీ. సగం పడింది కదా."

వానలు పట్టేలోగా కుర్చీ పూర్తయింది. అల్లికలో ఒక్క సందు కూడా మూసుకుపోలేదు. కుడిచేతి కింద ఒక్కచోట మాత్రం రంగు వేయలేదు. అక్కడ వేలిముద్ర ఉంది. దాని చుట్టూ జాగ్రత్తగా ఊది వదిలేశాను.

నెలాఖర్లో, సర్వసభ్య సమావేశానికి ముందు, ఉపసంఘం మొత్తం క్షేత్ర తనిఖీకి మా ఇంటికి వచ్చింది. దమయంతి గారు పట్టుబట్టి తీసుకొచ్చారట. కామేశం గారు గుమ్మం దగ్గరే ఆగి నా వంక జాలిగా చూశారు. కుర్చీ బాల్కనీలో ఉంది. దుప్పటి తీశాను.

బయట చినుకులు పడుతున్నాయి. ఆ వెలుతురులో అది అప్పుడే కోసి తెచ్చినట్టుంది.

"అద్భుతం" అన్నారు సత్తిరాజు గారు. "నేను చెప్పలేదూ. ఇంత పెద్ద యంత్రం కాబట్టే ఇంత సన్నటి పని వచ్చింది. చిన్న గన్నుకి ఈ నాణ్యత రాదు."

బెన్హర్ గారు దగ్గారు. దగ్గి క్రోటన్ కుండీ వైపు చూస్తూ నిలబడ్డారు.

కామేశం గారు కుర్చీ చుట్టూ తిరిగారు, రెండుసార్లు ముట్టుకున్నారు. ఆయన మొహంలో భయం పోయి, ఆశ్చర్యం వచ్చి, ఆశ్చర్యం కూడా పోయి చివరికి తృప్తి మిగిలింది. నన్ను పక్కకి తీసుకెళ్లి గుసగుసగా అన్నారు: "అంటే వేసినట్టేనన్నమాట. నేనే అనవసరంగా అనుమానపడ్డాను. ఫైల్లో అంత స్పష్టంగా ఉన్నప్పుడు జరక్కుండా ఎలా ఉంటుందండీ?"

"కరెంటు..." అన్నాను.

"కరెంటు లేకుండానే ఇంత పనిచేసిందంటే, వచ్చాక చూడండి" అన్నారు.

అక్కడికక్కడే బి బ్లాకుకి కూడా అటువంటిదే ఒక యంత్రం సిఫారసు చేశారు. రెండోది పట్టేందుకు రెండో స్తంభం తీసే విషయం సత్తిరాజు గారు స్వయంగా చూస్తానన్నారు.

దమయంతి గారు ఈ మాటలేవీ విన్నట్టు లేరు. ఆవిడ నెమ్మదిగా మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు సరిచేసుకుని, కుర్చీ కింది నుంచి చూస్తున్నారు. కుడిచేతి దగ్గర ఆగారు.

"ఇక్కడ రంగు పడలేదు" అన్నారు.

సత్తిరాజు గారు వంగి చూశారు. "వేలితో రాసినట్టుంది. గీకేసి సరిచేయిస్తే సరిపోతుంది. ఇప్పుడే ఎవరినైనా పిలిపించి..."

"ఆగండి" అన్నారు దమయంతి గారు. ఆవిడ ఇంకా ఆ మచ్చకేసే చూస్తున్నారు. తర్వాత తలెత్తి నన్ను చూశారు. ఆవిడా ఇందుమతీ పొద్దున్నే డాబా మీద నడిచేవారు. ఏం మాట్లాడుకునేవారో నాకెప్పుడూ తెలియదు.

"ఇది చింతచిగురు రంగా మాస్టారూ?"

"అవునండీ."

"ఆకుపచ్చా, ఎరుపా?"

"ఎరుపు తిరిగిన ఆకుపచ్చ" అన్నాను. "నేను ఒప్పుకున్నాను."

ఆవిడ లేచి, చీర కుచ్చెళ్లు సరిచేసుకుని, కామేశం గారి చేతిలోంచి పెన్ను తీసుకున్నారు. నిలబడే రాశారు, పైకి చదువుతూ: కుడిచేతి అడుగుభాగమున ఒకచోట రంగు పడకుండుట గమనించడమైనది. ఇది ఆడిట్ అభ్యంతరముగా నమోదు చేయడమైనది. అభ్యంతరము తీరువరకు సదరు భాగమును ఎవ్వరును గీకరాదు, తుడవరాదు, రంగు వేయరాదు, ఉన్నదున్నట్టు ఉంచవలెను.

"గడువు?" అన్నారు కామేశం గారు, పక్కన నిలబడి.

"గడువు పెట్టడం లేదు" అన్నారావిడ. ఆ మాట కామేశం గారితో అన్నా, చూపు నా వైపే ఉంది. "గడువు లేని అభ్యంతరాన్ని మా డిపార్ట్‌మెంటులో ముట్టుకున్నవాళ్లని నేనింతవరకు చూడలేదు. నేను పోయాక కూడా అలాగే ఉంటుంది."

వాళ్లు వెళ్లాక వాన గట్టిగా పట్టుకుంది. బెన్హర్ గారి బాల్కనీలో సగం పచ్చటి కుండీ తడుస్తోంది. కింద నాలుగు చక్రాల యంత్రం మీద ఎవరో టార్పాలిన్ కప్పుతున్నారు. నేను కాఫీ పెట్టుకుని వచ్చి, ఎప్పటిలా పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. కుర్చీని ఖాళీగానే ఉంచాను. అభ్యంతరం పెండింగులో ఉంది కదా.